నడుస్తున్న వీఎంలను ఆపకుండా అదుపులోకి తెచ్చుకోవాలంటే: ఏ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఎవరికి పనికొస్తుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న ఆసుపత్రులకు, ప్రైవేటు కాలేజీలకు, పలాస వైపు జీడిపప్పు వ్యాపారులకు తరచుగా ఎదురయ్యే పరిస్థితి ఇది. ఎవరో ఒక కుర్రాడు వచ్చి సర్వర్ మీద రెండు మూడు వర్చువల్ మెషీన్లు (వీఎంలు, అంటే ఒకే సర్వర్ లోపల విడి కంప్యూటర్లలా నడిచేవి) పెట్టి, అంతా నడిపించి వెళ్తాడు. తర్వాత అతనికి విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం వస్తుంది. టాలీ, ల్యాబ్ రిపోర్టులు, విద్యార్థుల ఫీజుల లెక్కలు అన్నీ ఆ వీఎంల మీదే నడుస్తూ ఉంటాయి. వాటిని ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇప్పుడు కొత్తగా బాధ్యత తీసుకున్న మనిషి, వీటన్నిటినీ ఒకచోట చూసి నడపడానికి ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి అని అడుగుతాడు.

జవాబు కోసం వెతికితే స్క్రీన్‌షాట్లు, ఫీచర్ల జాబితాలు బోలెడు దొరుకుతాయి. అసలు అడగాల్సింది వేరే ఉంది. ఇప్పటికే నడుస్తున్న వీఎంను ఆ సాఫ్ట్‌వేర్ ఎలా కనిపెడుతుంది? తన చేతిలోకి తీసుకోవడానికి దాన్ని ఆపమంటుందా? ఈ రెండూ తేలకుండా ఇన్‌స్టాల్ బటన్ నొక్కకూడదు.

## ముందు కొలమానాలు

హాస్టల్ వార్డెన్ గదుల్లో ఎంతమంది ఉన్నారో రెండు రకాలుగా చెప్పగలడు. గది గదికీ వెళ్లి చూసి చెప్పవచ్చు, లేదా హాజరు పుస్తకం తెరిచి చెప్పవచ్చు. మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్లు కూడా ఈ రెండు జాతులే. కొన్ని ప్రతిసారీ హైపర్‌వైజర్‌నే, అంటే వీఎంలను నడిపే అసలు సాఫ్ట్‌వేర్‌నే అడిగి ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయి. కొన్ని తమ సొంత డేటాబేస్‌లోనో కాన్ఫిగ్ ఫైళ్లలోనో రాసుకున్నదాన్నే నమ్ముతాయి. మొదటి రకానికి పాత వీఎంలు వెంటనే కనిపిస్తాయి. రెండో రకానికి తన పుస్తకంలో పేరు లేని వీఎం, అదే సర్వర్ మీద నడుస్తున్నా కనిపించదు. చాలా సాఫ్ట్‌వేర్లలో రెండూ కలిసి ఉంటాయి. అందుకే రెండూ తేడాగా ఉన్నప్పుడు ఏది గెలుస్తుందో తెలుసుకోవాలి.

ఇంకో తేడా కూడా గట్టిగా గుర్తుంచుకోవాలి. కనిపించడం వేరు, ఆన్-ఆఫ్ చేయగలగడం వేరు, సెట్టింగులు, బ్యాకప్, వేరే సర్వర్‌కు తరలింపుతో సహా పూర్తిగా చేతికి రావడం వేరు. అమ్మకానికి వచ్చేవాళ్లు మొదటిది చూపించి మూడోది ఉందన్నట్టు మాట్లాడతారు.

ఈ రెండిటి తర్వాత చూడాల్సినవి: మేనేజ్‌మెంట్ సర్వీస్ ఆగిపోతే వీఎంల గతి ఏమిటి, ఎవరైనా పక్కనుంచి మార్పు చేస్తే సాఫ్ట్‌వేర్ ఎలా స్పందిస్తుంది, కరెంటు పోయి వచ్చాక ఏం జరుగుతుంది. చివరిది మన ప్రాంతంలో చిన్న విషయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. యూపీఎస్ ఎంత మంచిదైనా అన్ని రోజులు నిలబడదు. సర్వర్లు మళ్లీ లేచేటప్పుడు అన్నీ ఒకేసారి, ఒకే వరసలో లేస్తాయన్న నమ్మకమూ లేదు.

ఒక్క చూపులో తేడాలు ఇవి (ఈ పేర్లు ఏమిటో కింద ఒక్కొక్కటిగా వస్తాయి):

| ఎంపిక | ఆపకుండా గుర్తిస్తుందా | ఎవరి మాట నమ్ముతుంది | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|
| లిబ్‌వర్ట్ + కాక్‌పిట్ లేదా వర్ట్-మేనేజర్ | లిబ్‌వర్ట్ ద్వారా మొదలైన వీఎంలైతే అవును | లిబ్‌వర్ట్ సర్వీస్, దాని ఫైళ్లు | ఒకటి రెండు లైనక్స్ సర్వర్లు |
| ప్రాక్స్‌మాక్స్ | తన వీఎంలనే. బయటివాటిని కాదు | తన కాన్ఫిగ్ ఫైళ్లు | కొత్తగా మొదలుపెట్టేవారు, ఒక రాత్రి ఆపగలిగేవారు |
| హైపర్-వి మేనేజర్, విండోస్ అడ్మిన్ సెంటర్ | అవును | హోస్ట్ మీది సర్వీస్ | విండోస్ మీద నడిచే ఆఫీసులు, ఆసుపత్రులు |
| వీసెంటర్ | అవును | ఈఎస్ఎక్స్‌ఐ హోస్ట్. పైన సొంత డేటాబేస్ | ఇప్పటికే లైసెన్స్ ఉన్న పెద్ద సంస్థలు |
| ఎక్స్‌సీపీ-ఎన్‌జీ + జెన్ ఆర్కెస్ట్రా | అవును | హోస్ట్ మీది జాపీ డేటాబేస్ | ముందే జెన్ వాడుతున్నవారు |
| ఓపెన్‌స్టాక్ | కాదు | సొంత డేటాబేస్ | పెద్ద డేటా సెంటర్లు |

## లైనక్స్ కేవీఎం ఉంటే: లిబ్‌వర్ట్

పాత సర్వర్ మీద ఉబుంటు, డెబియన్, రాకీ లైనక్స్ లాంటివి ఉండి అందులో కేవీఎం (లైనక్స్‌లోనే ఉండే హైపర్‌వైజర్) వీఎంలు నడుస్తుంటే నా మొదటి సలహా ఎప్పుడూ ఇదే: లిబ్‌వర్ట్‌ను (కేవీఎం వీఎంలను మొదలుపెట్టి, ఆపి, చూసుకునే సర్వీస్‌ను) కదపకండి, దాని మీద ఒక మంచి తెర పెట్టుకోండి.

కేవీఎంలో ప్రతి వీఎం ఒక మామూలు లైనక్స్ ప్రాసెస్. దాని పేరు క్యూఎము. ఆ ప్రాసెస్‌తో మాట్లాడటానికి ఒక సాకెట్ ఉంటుంది. దాని గుండా జేసన్ రూపంలో ఆదేశాలు వెళ్తాయి: ఆపు, కొనసాగించు, స్థితి చెప్పు. లిబ్‌వర్ట్ సర్వీస్ వీఎంను మొదలుపెట్టినప్పుడు ఈ సాకెట్‌ను తానే తెరిచి పట్టుకుంటుంది. నడుస్తున్న వీఎం వివరాలను రన్ డైరెక్టరీ కింద ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో రాసి పెడుతుంది. శాశ్వత సెట్టింగులు ఈటీసీ కింద వేరే ఫైల్‌లో ఉంటాయి.

అందుకే లిబ్‌వర్ట్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేసినా వీఎంలు ఆగవు. సర్వీస్ లేవగానే రన్ డైరెక్టరీలోని ఫైళ్లు చదివి, ఆ ప్రాసెస్‌లు ఇంకా బతికే ఉన్నాయో లేదో చూసి, సాకెట్లకు మళ్లీ తగులుకుంటుంది. లోపల టాలీ వాడుతున్న మనిషికి ఏమీ తెలియదు. కాక్‌పిట్, వర్ట్-మేనేజర్ అన్న తెరలు, విర్ష్ అన్న కమాండ్ మూడూ ఈ ఒక్క సర్వీస్‌నే అడుగుతాయి. ఒకదానిలో చేసిన మార్పు మిగతా రెండిటిలో వెంటనే కనిపిస్తుంది. వాటి మధ్య గొడవ ఉండదు. కాక్‌పిట్ బ్రౌజర్‌లో 9090 పోర్టు మీద తెరుచుకుంటుంది కాబట్టి లైనక్స్ కమాండ్లు అలవాటు లేనివారికీ చేతికి తేలిగ్గా వస్తుంది.

ఇక్కడ చాలామందిని కంగారు పెట్టే విషయం ఒకటి ఉంది. వీఎం నడుస్తూనే ఉంటుంది, పింగ్ కూడా అవుతుంది, కానీ విర్ష్‌లో లిస్ట్ అడిగితే ఖాళీ వస్తుంది. వీఎం పోయిందేమో అని టెన్షన్ పడి, అదే డిస్క్‌తో ఇంకో వీఎం సృష్టించబోతారు. దయచేసి అలా చేయకండి. లిబ్‌వర్ట్‌కు సిస్టమ్ కనెక్షన్ వేరు, యూజర్ సెషన్ కనెక్షన్ వేరు. మామూలు యూజర్‌గా అడిగితే అతని సెషన్‌లోని వీఎంలే చూపిస్తుంది. సుడోతో అడిగితే సిస్టమ్‌వి చూపిస్తుంది. ముందు రెండు చోట్లా అడగండి. ఆగిపోయిన వీఎంలు కూడా కావాలంటే అన్నీ చూపమనే ఆప్షన్ జోడించాలి.

రెండోది ట్రాన్సియెంట్ వీఎం. ఎవరైనా శాశ్వత సెట్టింగ్ ఫైల్ లేకుండా నేరుగా ఒక వీఎంను మొదలుపెట్టి ఉంటే, అది నడుస్తున్నంతసేపే జాబితాలో ఉంటుంది. షట్‌డౌన్ అయిన క్షణంలో పేరు మాయమవుతుంది. డిస్క్ ఫైల్ అలాగే ఉంటుంది గానీ మెమరీ ఎంత, నెట్‌వర్క్ కార్డు ఏది, మ్యాక్ అడ్రస్ ఏమిటి అన్నవి పోతాయి. కాబట్టి బాధ్యత తీసుకున్న మొదటి రోజే ప్రతి వీఎం ఎక్స్ఎంఎల్‌ను డంప్ చేసి దాచుకోండి. ట్రాన్సియెంట్ అని తేలితే అదే పేరు, అదే యూయూఐడీతో (వీఎం గుర్తింపు సంఖ్యతో) డిఫైన్ చేయండి. వీఎం నడుస్తుండగానే అది శాశ్వతమవుతుంది.

మూడోది కాస్త కష్టమైన సంగతి. లిబ్‌వర్ట్‌తో సంబంధం లేకుండా, ఒక షెల్ స్క్రిప్ట్‌తో నేరుగా క్యూఎమును నడిపినవాళ్లు ఉంటారు. ఆ వీఎం ప్రాసెస్ జాబితాలో తప్ప మరే మేనేజర్‌లోనూ కనిపించదు. ఒకప్పుడు విర్ష్‌లో అలాంటి ప్రాసెస్‌కు తగులుకునే కమాండ్ ఉండేది, తర్వాత దాన్ని తీసేశారు. కాబట్టి బయటి నుంచి పట్టుకోవాలని చూడొద్దు. ప్రాసెస్‌ను కిల్ చేయడం అసలే వద్దు. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ సర్దుకునే లోపే వీఎం ఆగిపోతుంది. లోపలికి లాగిన్ అయి పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ఆ స్క్రిప్ట్‌లోని ఆప్షన్లను చూస్తూ లిబ్‌వర్ట్‌లో కొత్తగా రాయాలి.

ఆపడం గురించే ఒక మాట. షట్‌డౌన్ ఆదేశం లోపలి సిస్టమ్‌కు పవర్ బటన్ నొక్కిన సంకేతం ఇస్తుంది. అది పట్టించుకుంటేనే ఆగుతుంది. గెస్ట్ ఏజెంట్ (వీఎం లోపల పెట్టే చిన్న సహాయక ప్రోగ్రామ్) ఉంటే ఇంకా నమ్మకంగా పని జరుగుతుంది, ఐపీ అడ్రస్ లాంటివి కూడా బయటికి తెలుస్తాయి. డిస్ట్రాయ్ అన్న ఆదేశం డిస్క్‌ను చెరపదు, కానీ ఉన్నపళంగా ఆపేస్తుంది. డేటాబేస్ నడుస్తున్న వీఎం మీద దాన్ని చివరి మార్గంగా తప్ప వాడకూడదు.

## ప్రాక్స్‌మాక్స్: మంచిదే, కానీ పాతవాటిని చూడలేదు

ఈ మధ్య ఎవరిని అడిగినా ప్రాక్స్‌మాక్స్ పేరే చెబుతున్నారు. కారణం లేకపోలేదు. డెబియన్ మీద కట్టినది, చందా కట్టకుండా కూడా వాడుకోవచ్చు, 8006 పోర్టు మీద వెబ్ తెర, బ్యాకప్, క్లస్టర్ అన్నీ ఒకే చోట వస్తాయి. కొత్త సర్వర్ కొంటే నేనూ దీన్నే ముందు చూస్తాను. పాత వీఎంలను ఆపకుండా అందుకోవాలంటే మాత్రం ఇది సరైన దారి కాదు.

ప్రాక్స్‌మాక్స్ కూడా క్యూఎమునే నడుపుతుంది, కానీ మధ్యలో లిబ్‌వర్ట్ లేదు. ప్రతి వీఎంకు ఒక నంబరు, ఆ నంబరు పేరుతో పీవీఈ ఫోల్డర్ కింద ఒక కాన్ఫ్ ఫైల్ ఉంటాయి. ఆ ఫైల్ ఉంటేనే వీఎం ఉన్నట్టు లెక్క. అది నడుస్తోందా అని తెలుసుకోవడానికి ప్రాసెస్ నంబరు రాసి ఉండే పిడ్ ఫైల్ చూసి, ఆ ప్రాసెస్ నిజంగా ఆ వీఎందేనా అని సరిచూస్తుంది. స్థితిని సేకరించే సర్వీస్ దాదాపు 10 సెకన్లకోసారి చుట్టి వస్తుంది. తాను మొదలుపెట్టిన వీఎంల విషయంలో ఇది చాలా గట్టిది. మేనేజ్‌మెంట్ సర్వీస్‌లు రీస్టార్ట్ చేసినా వీఎంలు ఆగవు. కానీ అదే డెబియన్ మీద లిబ్‌వర్ట్ వీఎం నడుస్తుంటే ప్రాక్స్‌మాక్స్ తెరలో దాని జాడే ఉండదు. మెమరీ ఎవరు తింటున్నారో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది.

తెచ్చుకునే దారి ఉంది: పాత వీఎంను ఆపి, డిస్క్‌ను ఇంపోర్ట్ చేసి, కొత్త నంబరుతో మొదలుపెట్టాలి. వీఎంవేర్ వారి హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్‌ఐ నుంచి వచ్చేవారికి 2024లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి తెరలోనే ఇంపోర్ట్ సదుపాయం ఉంది. ఏదైనా ఆపడం తప్పదు.

క్లస్టర్ సంగతి ఇంకా జాగ్రత్తగా వినాలి. బొబ్బిలిలోనో రాజాంలోనో ఒక కాలేజీకి రెండు ప్రాక్స్‌మాక్స్ సర్వర్లు ఉన్నాయనుకోండి. రెండిటినీ కలిపి ఒకే తెరలో చూద్దామని అనిపిస్తుంది. కొత్తగా చేరే సర్వర్ మీద ఒక్క వీఎం కూడా ఉండకూడదు. చేరగానే దాని పాత కాన్ఫిగ్ అంతా క్లస్టర్‌ది వచ్చి తుడిచేస్తుంది. వీఎంలను ముందు బ్యాకప్ తీసి, చేరాక మళ్లీ పెట్టుకోవాలి.

చేరిన తర్వాత కోరం (క్లస్టర్ పనిచేయడానికి కావాల్సినన్ని సర్వర్ల ఓట్లు) సమస్య వస్తుంది. రెండు సర్వర్ల క్లస్టర్‌లో రెండు ఓట్లూ ఉండాలి. ఒకటి పడిపోతే రెండోదాని మీద ఇప్పటికే నడుస్తున్న వీఎంలు మామూలుగా నడుస్తూనే ఉంటాయి, కానీ పీవీఈ ఫోల్డర్ చదవడానికి మాత్రమే పనికొస్తుంది. సెట్టింగ్ మార్చలేరు, ఆగిన వీఎంను మొదలుపెట్టలేరు. కరెంటు పోయి వచ్చి ఒకే సర్వర్ లేచిన రోజు, ఆటోస్టార్ట్ పెట్టిన వీఎంలు కూడా లేవక అలాగే ఉంటాయి. ఆ వీఎంలకు హెచ్ఏ (ఒక సర్వర్ పడిపోతే వీఎంను ఇంకోదాని మీద లేపే ఏర్పాటు) పెట్టి ఉంటే ఇంకో మెలిక ఉంది. కోరం పోయిన సర్వర్ దాదాపు 60 సెకన్ల తర్వాత వాచ్‌డాగ్ (స్పందన ఆగితే మెషీన్‌ను రీసెట్ చేసే టైమర్) ద్వారా తనను తానే రీసెట్ చేసుకుంటుంది. అంటే రెండు సర్వర్ల మధ్య నెట్‌వర్క్ స్విచ్ ఒక్కటి చెడినా, బాగానే నడుస్తున్న వీఎంలు పడిపోవచ్చు. ఒకే వీఎం రెండు చోట్ల మొదలై డిస్క్ పాడవకుండా ఉండాలనే ఇలా చేశారు. ఉద్దేశం మంచిదే, కానీ రెండే సర్వర్లు ఉన్నచోట హెచ్ఏ వద్దు. మూడో ఓటు కోసం ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పై మీద క్యూడివైస్ పెట్టుకుంటే కోరం సమస్య చాలావరకు తీరుతుంది. అది లేకపోతే రెండు సర్వర్లనూ విడివిడిగానే ఉంచుకోండి.

## విండోస్ మీద ఉంటే: హైపర్-వి

విజయనగరం కంటోన్మెంట్ దగ్గరి ఒక మోస్తరు ఆసుపత్రిని ఊహించుకోండి. విండోస్ సర్వర్, దాని మీద రెండు హైపర్-వి వీఎంలు, ఒకదానిలో బిల్లింగ్, ఇంకోదానిలో ల్యాబ్. ఇక్కడ కొత్తగా ఏదీ కొనక్కర్లేదు.

హైపర్-విలో వీఎం మేనేజ్‌మెంట్ సర్వీస్ ఒకటి ఉంటుంది, ప్రతి వీఎంకు విడిగా ఒక వర్కర్ ప్రాసెస్ ఉంటుంది. సర్వీస్ ఆగినా వర్కర్లు నడుస్తూనే ఉంటాయి. మీ చేతిలో అదుపు ఉండదు, వీఎంలు మాత్రం పనిచేస్తుంటాయి. సర్వీస్ మళ్లీ లేస్తే అన్నీ జాబితాలోకి వస్తాయి. హైపర్-వి మేనేజర్, విండోస్ అడ్మిన్ సెంటర్, పవర్‌షెల్ మూడూ డబ్ల్యూఎంఐ (విండోస్‌ను అదుపు చేసే ఇంటర్‌ఫేస్) ద్వారా ఈ సర్వీస్‌నే అడుగుతాయి. కొత్త కంప్యూటర్ నుంచి కనెక్ట్ అయినా నడుస్తున్న వీఎంలు అప్పటికప్పుడే కనిపిస్తాయి. విండోస్ అడ్మిన్ సెంటర్ ఉచితం, ఈ స్థాయికి అది చాలు. సిస్టమ్ సెంటర్‌లోని వర్చువల్ మెషీన్ మేనేజర్‌కు సొంత ఎస్‌క్యూఎల్ డేటాబేస్ కావాలి, హోస్ట్ మీద, అంటే వీఎంలు నడిపే సర్వర్ మీద ఏజెంట్ పెట్టాలి. పదుల సర్వర్లు ఉంటే తప్ప దాని జోలికి వెళ్లక్కర్లేదు.

డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లో లైనక్స్ నడిపే సదుపాయం), విండోస్ శాండ్‌బాక్స్ వాడే వీఎంలు హైపర్-వి మేనేజర్‌లో కనిపించవని గుర్తుంచుకోండి. అవి వేరే దారిలో మొదలవుతాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పోతున్నట్టు కనిపించి ఏ వీఎందో తెలియకపోతే వీటిని అనుమానించండి.

ఖర్చు విషయానికొస్తే, పూర్తి లైసెన్స్ ఉన్న విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఒకదానితో రెండు విండోస్ సర్వర్ వీఎంలు నడుపుకోవచ్చు. ఉచితంగా దొరికే హైపర్-వి సర్వర్ 2019 వెర్షన్‌తో ఆగిపోయింది, కొత్తగా దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

## వీఎంవేర్: పని గొప్పది, బిల్లు బరువు

నడుస్తున్న వీఎంలను అందుకోవడంలో వీఎంవేర్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ వీసెంటర్ అంత సాఫీగా చేసేది తక్కువే. ఈఎస్ఎక్స్‌ఐ హోస్ట్‌ను జోడించగానే వీసెంటర్ దాని మీద ఒక చిన్న ఏజెంట్ పెట్టి, హోస్ట్ దగ్గర నమోదైన వీఎంలన్నిటినీ తన జాబితాలోకి తెచ్చుకుంటుంది. ఒక్కటీ ఆపదు. వీసెంటర్ పడిపోయినా వీఎంలు నడుస్తాయి. హెచ్ఏ హోస్ట్‌ల మీదే ఉంటుంది కాబట్టి అదీ పనిచేస్తుంది. వీమోషన్‌తో తరలించడం లాంటివి మాత్రం ఆగుతాయి. స్టోరేజ్‌లో వీఎం ఫైళ్లు ఉండి హోస్ట్‌లో నమోదు కాకపోతే వీసెంటర్‌కు కనిపించవు, చేత్తో రిజిస్టర్ చేయాలి.

చిక్కంతా డబ్బు దగ్గర. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి చందా పద్ధతికి మార్చారు. ఉచిత ఈఎస్ఎక్స్‌ఐని 2024లో తీసేసి 2025లో మళ్లీ ఇచ్చారు, కానీ ఉచితమైనదాన్ని వీసెంటర్‌కు జోడించలేరు. ఇప్పటికే చందా ఉంటే హాయిగా కొనసాగండి. చిన్న కాలేజీ కొత్తగా దీనిలోకి దిగాలా అంటే నా మాట వద్దనే. ఉచిత ఈఎస్ఎక్స్‌ఐ మీద ఒకే సర్వర్ ఉంటే, దాని సొంత వెబ్ తెరతో నెట్టుకొస్తూ సెలవుల్లో ప్రాక్స్‌మాక్స్‌కు మారే ఏర్పాటు చేసుకోండి.

## మిగతావి, క్లుప్తంగా

జెన్ హైపర్‌వైజర్ మీద కట్టిన ఎక్స్‌సీపీ-ఎన్‌జీ ముందే ఉన్నవారు దాని వెబ్ తెర జెన్ ఆర్కెస్ట్రాను ఏ కంప్యూటర్ మీద పెట్టి కనెక్ట్ చేసినా అన్ని వీఎంలూ కనిపిస్తాయి. ఎందుకంటే జాబితా హోస్ట్ మీది జాపీ (వీఎంలను చూసుకునే సర్వీస్) దగ్గర ఉంటుంది. టూల్‌స్టాక్ (జాపీ, దాని తోటి సర్వీస్‌లు) రీస్టార్ట్ చేసినా వీఎంలు ఆగవు. కానీ పూల్‌లో (హోస్ట్‌ల గుంపులో) చేర్చే హోస్ట్ మీద నడుస్తున్న వీఎంలు ఉండకూడదు.

కేవీఎం సర్వర్లను నడిపే ఓవర్ట్ ఒక మధ్యే మార్గం పట్టింది. తాను సృష్టించని వీఎం హోస్ట్ మీద కనిపిస్తే ఎక్స్‌టర్నల్ అన్న ముందుమాటతో చూపిస్తుంది. ఆలోచన బాగుంది, కానీ దాన్ని నడిపించిన రెడ్ హ్యాట్ దృష్టి వేరే ఉత్పత్తి మీదకు మళ్లింది కాబట్టి కొత్తగా మొదలుపెట్టమని చెప్పను.

క్లౌడ్‌లు కట్టే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్ గురించి హెచ్చరిక అవసరం. అది తన డేటాబేస్‌నే నమ్ముతుంది. మామూలు సెట్టింగ్‌లో 600 సెకన్లకోసారి హైపర్‌వైజర్‌తో పోల్చి చూస్తుంది. ఆపి ఉంచినట్టు డేటాబేస్‌లో ఉన్న వీఎంను మీరు విర్ష్‌తో మొదలుపెడితే, తర్వాతి చుట్టులో అది దాన్ని మళ్లీ ఆపేస్తుంది. తనకు తెలియని వీఎంలు ఉంటే లెక్క తేడాగా ఉందని లాగ్‌లో రాస్తుంది తప్ప అందుకోదు.

ల్యాబ్‌లో వర్చువల్‌బాక్స్ వాడే విద్యార్థులకు: దాని జాబితా ఒక్కో యూజర్‌కు విడిగా ఉంటుంది. స్నేహితుడి లాగిన్‌లో మొదలైన వీఎం మీ లాగిన్‌లో కనిపించదు. కనిపించలేదని అదే డిస్క్‌ను మీ జాబితాలో పెట్టి నడపకండి.

## నిర్ణయానికి ముందు చేయాల్సిన పరీక్ష

ఏ ఎంపికైనా సరే, ముందు అంతగా ముఖ్యం కాని ఒక చిన్న వీఎం మీద చూడండి. దాని డిస్క్ కాపీ ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీయండి. లైనక్స్ అయితే క్యూఎము ప్రాసెస్ నంబరు రాసుకోండి, విండోస్ అయితే వర్కర్ ప్రాసెస్‌ది. ఇప్పుడు మేనేజ్‌మెంట్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి. ప్రాసెస్ నంబరు మారకుండా, జాబితాలో వీఎం నడుస్తున్నట్టే వస్తే మొదటి మెట్టు దాటినట్టు. తర్వాత వీఎంలోకి లాగిన్ అయి లోపలి నుంచే షట్‌డౌన్ చేయండి. తెరలో ఆ మార్పు ఎంతసేపటికి వచ్చింది, సాఫ్ట్‌వేర్ తనంతట తాను మళ్లీ మొదలుపెట్టిందా అని గమనించండి. ఆ తర్వాతే సర్వర్‌ను పూర్తిగా ఆపి లేపండి, అదీ ఆదివారం మధ్యాహ్నం, ఆఫీసులో ఎవరూ లేనప్పుడు. ఏ వీఎం తనంతట తాను లేచింది, దేన్ని చేత్తో లేపాల్సి వచ్చింది అన్నది కాగితం మీద రాసి సర్వర్ పక్కనే అతికించండి. తుపాను రాత్రి ఫోన్ సిగ్నల్ లేనప్పుడు అక్కడున్న మనిషికి ఆ కాగితమే దిక్కు.